దున్నని నేలలోని తిండి

మన దేశమున వ్యవసాయచరిత్రను చెప్పువారు సాధారణముగ నాగలితో ప్రారంభింతురు. అడవి నరికి, చెరువు త్రవ్వి, గింజ చల్లి, పంట కోసినప్పటినుండియే మనుష్యునకు నిశ్చితమైన తిండి దొరకినదనియు, అంతకుముందు కందమూలఫలములను వెదకుకొనుచు తిరుగాడినాడనియు మనము చిన్ననాటి పాఠములలో చదువుకొన్నాము. ఈ మాటలో కొంత సత్యము కలదు గాని సత్యమంతయు లేదు. నాగలి వచ్చి వేలకొలది యేండ్లు గడచినను చెట్టు మనకు తిండి పెట్టుట మానలేదు. చేనిగట్టుపై తాడి, చేని నడుమ ఇప్ప, చెరువుకట్ట మీద నేరేడు, కంచెలో వాక్కాయ, గుట్టపై మొర్రి, తునికి, పాల, వెలగ. వాని మొదళ్లను అల్లుకొని దొండ, ఆకాకర, నల్లేరు. నేలలో ఊరు కంద, అడవిదుంప. ఇవన్నియు ఏటేట దున్నకయే, విత్తకయే ఫలించునవి. వీనిని ఎవరు నిలిపిరి? ఎవరు తినిరి? తినుటకు ఎవరికి హక్కుండెను? ఈ మూడు ప్రశ్నలను పట్టుకొని మన చరిత్రను ఒకసారి తిరుగవేయుట ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

మొదటి సాక్ష్యము మన ఊళ్ల పేర్లలోనే కలదు. నేరేడుచర్ల, వెలగపూడి, మారేడుమిల్లి, చింతపల్లి, ఇప్పగూడెము మున్నగు పేర్లను మనము దినదినము పలుకుచునే యున్నాము. ఊరు కట్టుకొన్నవారు తమ ఉనికిని ఏ చెట్టుతో గుర్తించుకొనిరో ఆ చెట్టు పేరు ఊరికి నిలిచినది. చింతావారు, వెలగావారు, నేరెళ్లవారు, మామిడివారు మన ఇరుగుపొరుగు ఇండ్లలోనే యున్నారు. వంటచెరకుగ మాత్రమే చూచిన చెట్టుకు ఊరి పేరు, ఇంటి పేరు కట్టుట మన వాడుక కాదు.

రెండవ సాక్ష్యము మట్టిలో దొరకినది. బళ్లారి, కర్నూలు ప్రాంతములలో నాలుగైదువేల యేండ్లనాటి నవీనశిలాయుగపు పల్లెల ఆనవాళ్లు కలవు. పురాతత్త్వవేత్తలు ఆ పల్లెల మట్టిని నీటిలో కలిపి, పైకి తేలిన బొగ్గుపట్టిన గింజలను వడగట్టి, సూక్ష్మదర్శినిక్రింద పరిశీలించిరి. నాటివారు అండుకొర్ర, ఉలవ, పెసర పండించుకొనిరని దానివలన తేలినది. ఆ గింజలతోపాటు రేగుపండ్ల టెంకలును బయటపడినవి. అనగా చేను దున్నుట నేర్చినవారు రేగుపొదను మరచిపోలేదు. చేను ఒక చేయి, చెట్టు ఒక చేయి అన్నట్లుగ వారి సంసారము సాగినది.

మూడవది రాతిపై చెక్కిన సాక్ష్యము. కర్నూలు జిల్లా ఎర్రగుడివద్ద అశోకుని ధర్మలిపులు కలవు. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దికి చెందిన ఆ శాసనములలో రెండవది చికిత్సలనుగూర్చి చెప్పునది. మనుష్యులకును పశువులకును పనికివచ్చు ఓషధులు ఎక్కడ లేవో అక్కడికి తెప్పించి నాటించితిననియు, దుంపలును పండ్లును లేనిచోట్ల వానినికూడ తెప్పించి నాటించితిననియు, బాటల వెంబడి నూతులు త్రవ్వించి చెట్లు పెట్టించితిననియు ఆ రాజు చెప్పుకొన్నాడు. ధాన్యమును గూర్చికాక దుంపను, పండును గూర్చి రాజు ఆజ్ఞ వెలువడుట గమనింపదగినది. ఆ పని ఎంతవరకు జరిగినదో శాసనము చెప్పదు. కాని అట్టి పని రాజధర్మమని మన నేలపై రెండువేల రెండువందల యేండ్లకు పూర్వమే వ్రాతపూర్వకముగ ప్రకటింపబడినదనుట నిస్సంశయము.

పిమ్మటి కాలమున ఈ ధర్మమును తెలుగువారు సప్తసంతానములలో చేర్చిరి. పుత్రుడు, తటాకము, దేవాలయము, అగ్రహారము, కృతి, నిధి వీనితోపాటు వనమునుకూడ సంతానముగ ఎంచిరి. మనుష్యుడు పోయిన తరువాత వాని పేరు నిలుపునది సంతానము. నాటినవాడు తినకపోయినను తరువాతివారు తిందురను నమ్మకమే తోపు వేయుటకు మూలము. ఇక దానశాసనములను చూచినచో, గ్రామమును దానము చేయునప్పుడు నిధి, నిక్షేప, జల, తరు, పాషాణములతో కూడ ఇచ్చితిమను మాట మాటిమాటికి కనిపించును. నేలతోపాటు చెట్టు తనంతట వచ్చునని నాటివారు వదలివేయలేదు. నీటికి వలెనే చెట్టుకును వేరుగ పేరు పెట్టి హక్కు వ్రాసిరి. నేల ఒకనిది, దానిపై చెట్టు ఒకనిది, చెట్టుక్రింద రాలినది మరియొకనిది అగుట మన పల్లెలలో వింత కాదు. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. ముందు జరిగిన కథ యంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

ఇక కొండల సంగతి. గోదావరి మన్యమునందును, ఆదిలాబాదు అడవులయందును, నల్లమలయందును నివసించు కోయలు, కొండరెడ్లు, గోండులు, చెంచులు మొదలగువారికి ఇప్పచెట్టు ఇంటి పెద్ద వంటిది. వేసవి ఆరంభమున ఆకు రాలి, కొమ్మల చివరల గుత్తులుగ మొగ్గ తొడుగును. తెల్లవారుజామున మీగడరంగు పువ్వులు కండతో, తీపితో బొటబొట రాలును. స్త్రీలును పిల్లలును ముందుగనే చెట్టుక్రింద నేల ఊడ్చి శుభ్రముచేసి యుంచి, బుట్టలతో పోయి ఏరుకొని వత్తురు. ఎండిన ఇప్పపువ్వులో సగమునకు తక్కువకాని చక్కెర యుండును. ఆరబెట్టి గాదెలో పోసికొన్నచో వానకాలమంతయు నిలువయుండును. జొన్నతో కలిపి ఉడుకబెట్టుదురు, చింతగింజలతో కలిపి దంచుదురు, సారాయి కాచుదురు. పూత ముగిసిన తరువాత కాయ వచ్చును. ఆ గింజనుండి తీసిన నూనె దీపమునకును కూరకును పనికివచ్చును.

ఇట్టి చెట్టును ఎవరు నరుకుదురు? పోడుకై కొండవాలు నరుకునప్పుడు ఇప్ప, మామిడి, చింత, జీలుగు మొదలగు తిండిచెట్లను నిలిపియుంచుట కొండవారి ఆచారము. అడవిజాతులలో పెక్కుచోట్ల ఏ చెట్టు పువ్వు ఏ కుటుంబము ఏరుకొనవలెనో పెద్దలనాటినుండి నిర్ణయము కలదు. తండ్రినుండి కొడుకునకు ఆ హక్కు సంక్రమించును. బయటివారికి అడవిగ కనిపించినది లోపలివారికి తోట. నాటినవాడు కనబడకపోయినను నరకక నిలిపినవాడు కలడు. తరతరములుగ మంచి చెట్టును నిలిపి, గొడ్డుచెట్టును కొట్టివేసినచో అది నాటుటకేమి తీసిపోవును?

1940 ప్రాంతమున ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫు హైదరాబాదు సంస్థానమున చెంచులనడుమను, పిదప గోదావరి కొండరెడ్లనడుమను నివసించి, 1943లోను 1945లోను రెండు గ్రంథములు ప్రకటించెను. ఇనుపమొన తొడిగిన కర్రతో దుంపలు త్రవ్వుకొను అమరాబాదు పీఠభూమి చెంచులను, పోడు వ్యవసాయము చేయుచు అడవితిండిపై సగము సంవత్సరము గడపు కొండరెడ్లను ఆయన వర్ణించెను. కొండరెడ్ల ఇండ్లలో మామిడిటెంకయు తిండియే. టెంకను ఎండబెట్టి, పగులగొట్టి, లోపలి జీడిని దంచి, బుట్టలో పోసి, పారు సెలయేటిలో ఉంచి వగరు పోగొట్టి అంబలి కాచుకొందురు. జీలుగుచెట్టునుండి కల్లు గీయుదురు. కరవు వచ్చినప్పుడు ఆ చెట్టునే పడగొట్టి మ్రానులోని పిండిని తిందురు. అడవిదుంపలలో కొన్ని జాతులు విషము కలవి. వానిని పలుచగ తరిగి, ఉడికించి, పారు నీటిలో ఎంతోసేపు ఉంచినగాని తినరాదు. ఇదియంతయు ఒక తరమున నేర్చిన విద్య కాదు. ఏ దుంప ఎన్నిమారులు కడుగవలెనో తెలిసికొనుటకు ముందు ఎందరు ప్రాణములు పోగొట్టుకొనిరో ఊహించుకొనవచ్చును.

ఇచట ఒక సందేహము తీర్చవలసియున్నది. మనది అను చెట్టు ఏది? ఇప్ప, నేరేడు, ఉసిరి, వెలగ, మారేడు, మొర్రి, తునికి, పాల ఇవి ఈ దేశపు నేలలో పుట్టినవి. చింతచెట్టు ఆఫ్రికా ఖండమున పుట్టినదని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయము. అయినను అరబ్బులు దానిని హిందూదేశపు ఖర్జూరమని పిలుచునంతటి ప్రాచీనకాలమునుండియే అది మన యింటిదైనది. సీతాఫలము పేరులో సీతమ్మవారుండిన నేమి, దాని పుట్టుక అమెరికా ఖండము. జీడిమామిడి బ్రెజిలునుండి పోర్చుగీసువారివెంట వచ్చినది. ఇవి నేడు పాలమూరు గుట్టలపైనను, ఉత్తరాంధ్రపు తీరములందును బీదలకు కాసింత ఆదాయము తెచ్చుచున్నవి. కావున వచ్చిన చెట్టును వెళ్లగొట్టవలెనని మేము చెప్పుట లేదు. ఇంకొక విషయము వినిన శ్రోతలు ఆశ్చర్యపడుదురు. మన తోటలలోని సపోటా మెక్సికో ప్రాంతమునుండి వచ్చినది. దానిని అంటుకట్టుటకు మన తోటమాలులు వాడు వేరుమొదలు మన అడవిలోని పాలచెట్టుదే. బజారులో సపోటా కొనువారికి పాలపండు పేరు తెలియదు గాని, మన నేలను పట్టుకొని నిలుచు వేరు పాలచెట్టుది.

ఈ చెట్ల విలువ తెలిసినది కరవులలో. 1832-33 నందననామ సంవత్సరపు కరవులో గుంటూరు ప్రాంతపు జనములో మూడవవంతు వరకు నశించినట్లు నాటి లెక్కలు. అటువంటి విపత్తులు చూచిన పిమ్మటనే 1847లో గోదావరి ఆనకట్ట పని మొదలై 1852 నాటికి ముగిసినది. డెల్టాకు నీరు వచ్చినది, మెట్టకు రాలేదు. 1876లో ధాత కరవు వచ్చినప్పుడు బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు ప్రాంతములు మలమల మాడినవి. 1877 ఆరంభమున రిచర్డు టెంపులు అను దొర కరవుపని కూలిని రోజునకు ఒక పౌను ధాన్యమునకును, కొద్దిపాటి పైకమునకును తగ్గించెను. అది ప్రాణము నిలుపుటకు చాలదని మద్రాసు రాష్ట్రపు ఆరోగ్యాధికారి కార్నిషు ఎదురు వాదించెను. ఆ వాదమునడుమ లక్షలకొలది జనులు మరణించిరి.

ఆ దినములలో జనులు ఏమి తినిరి? చెరువు అడుగున తుంగగడ్డలు త్రవ్వుకొనిరి. చింతగింజలు వేయించి దంచుకొనిరి. దొరకిన ఆకెల్ల ఉడికించుకొనిరి. ఇది చెప్పుకొనుటకు సంతోషమైన కథ కాదు. చెట్టు ఒక్కటియే కరవును ఆపగలదని చెప్పుటయు నిజము కాదు. రెండుమూడేండ్లు వరుసగ వాన లేనిచో చెట్టును ఎండిపోవును. అయినను గింజపంటకును చెట్టుపంటకును ఒక భేదము కలదు. జొన్న ఎండిన నెలలో లోతుగ వేరుపారిన ఇప్ప పూయును. గాదె వట్టిదైన వేసవిలో ముంజలు, తునికి, మొర్రి వచ్చును. తొలకరికి నేరేడు, వానలకు ఆకాకర, చలికాలమునకు ఉసిరి, రేగు, తేగలు, మాఘ ఫాల్గుణములకు చింత. సంవత్సరపు ఖాళీలన్నిటిని పూరించునట్లు ఈ పట్టిక అమరియున్నది. ఒక పంటపై ఆధారపడినవానికి ఒక దెబ్బతో అంతయు పోవును. పది చెట్లపై ఆధారపడినవానికి పదింట నాలుగైనను మిగులును.

ఇట్టి చెట్టును పాలకులు ఎట్లు చూచిరి? ధాత కరవు ముగిసినదో లేదో, 1879 మార్చిలో గోదావరి మన్యమున రంప తిరుగుబాటు చెలరేగినది. దానికి కారణములు పెక్కు గలవు గాని, అందు ముఖ్యమైనది కల్లుచెట్టు. కొండవారు తమ జీలుగు, తాటిచెట్లకు కల్లు గీసికొనుట తరతరముల ఆచారము; వేసవి నెలలలో అది వారికి పానీయమే గాక ఆహారములో భాగము. ప్రభుత్వము అబ్కారీ చట్టమును కొండలకెక్కించి, ఇంటి వాడుకకైనను గీయరాదని నిర్బంధించి, ఆ హక్కును మైదానపు గుత్తదారులకు పాట పెట్టెను. రంప మన్సబుదారు చిగురుపన్ను అను పేర మరియొక పన్ను వేయించెను. గుత్తదారు పన్ను ఒకటి, మన్సబుదారు పన్ను ఒకటి, దాని పైన పోలీసువారి దౌర్జన్యము. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర మొదలగువారు నాయకులై పోలీసు ఠాణాలపైబడిరి. మంట విశాఖపట్టణపు కొండలకును, భద్రాచలమువైపు రేకపల్లికిని ప్రాకెను. 1874లో మధ్యరాష్ట్రములనుండి మద్రాసు పాలనలోనికి వచ్చిన రేకపల్లి సీమలో పోడుపన్ను పెంచుటయు, కొన్ని అడవులను మూసివేయుటయు అచటి కోపమునకు కారణము. సైన్యములు వచ్చి తిరుగుబాటును అణచివేసినవి, మన్సబుదారుని తొలగించిరి. ఒక చెట్టు చిగురుపై పన్ను వేసినందున మన తెలుగుకొండలలో ఇంతటి రక్తపాతము జరిగినదనుట మన చరిత్రపుస్తకములలో రెండు పంక్తులకు మించి కనబడదు.

ఆ కాలమునందే అడవి ఎవరిదను ప్రశ్న మద్రాసు కచేరీలలో చర్చకు వచ్చినది. 1871లో మద్రాసు రెవెన్యూబోర్డు ఒక మాట చెప్పెను: ఈ రాష్ట్రమున ఏదో ఒక గ్రామపు ఎల్లలలోనికి రాని అడవి దాదాపు లేదనియు, దానిపై గ్రామస్థులకు అనుభవహక్కులు కలవనియు దాని సారాంశము. అందుచేతనే 1878 నాటి భారత అటవీచట్టమును మద్రాసు ప్రభుత్వము వెంటనే అంగీకరింపలేదు. కాని నాలుగేండ్లకే, 1882లో, మద్రాసు అటవీచట్టము వచ్చినది. రిజర్వు అడవులేర్పడినవి. అంతవరకు హక్కుగ నుండినది రాయితీగ మారినది. రాయితీ ఇచ్చినవాడు తీసికొననూ వచ్చును. అడవిలో పండు ఏరుకొనువాడు గార్డు దయకొరకు కాచుకొనవలసివచ్చెను. 1922లో అల్లూరి సీతారామరాజు లేచి చింతపల్లి ఠాణాపై దాడి చేసినప్పుడును, 1940లో జోడేఘాటున కొమరం భీము ప్రాణములిచ్చినప్పుడును, పోడు, వెట్టి, అడవి నిర్బంధములు ఇవే మూలకారణములు.

అడవిశాఖ లెక్కలలో చెట్టు విలువ కలపను బట్టి నిర్ణయమైనది. టేకు, వేగిస పెద్దవి; ఇప్ప, మొర్రి, పాల చిల్లరవి. పండ్లు, పువ్వులు, దుంపలు, జిగురు అన్నిటికి కలిపి చిన్నతరహా ఫలసాయమని పేరు పెట్టిరి. తినువానికి పెద్దది, అమ్మువానికి చిన్నది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1950లో కె. ఎం. మున్షీ వనమహోత్సవమును ప్రారంభించెను. ఏటేట జూలైలో కోట్లకొలది మొక్కలు నాటుట ఆచారమైనది. కాని 1975లో ఆంధ్రప్రదేశ్ అటవీ అభివృద్ధి సంస్థ ఏర్పడిన పిదప కాగితపు మిల్లులకొరకు విరివిగ నాటినది జామాయిలు. జామాయిలు తోటలో నీడ పలుచన, తినుటకు కాయ లేదు, మేక కొరుకుటకు ఆకు లేదు. తునికిచెట్టు కథ మరింత విచిత్రమైనది. దాని పండు సపోటావలె తీయన. దాని ఆకు బీడీకి పనికివచ్చును. మంచి లేతాకు రావలెనని ఏటేట వేసవికి ముందు తునికిపొదలను నరుకుదురు. నరికిన పొద ఆకు వేయునుగాని కాయదు. ఈ విధమున ఒక పండ్లచెట్టు ఆకులచెట్టుగ మారినది. కూలి దొరకినది, పండు పోయినది.

మొర్రిచెట్టు నేర్పు పాఠము వేరు. సారపప్పుకు పట్టణములలో మంచి వెల కలదు. ఊరి కట్టుబాటు కలచోట కాయ పండువరకు ఆగి, కొమ్మ విరువక కోసికొందురు. కట్టుబాటు లేనిచోట, నేను ఆగినచో పొరుగువాడు కోయునను భయముతో పచ్చికాయనే దులుపుదురు, కొమ్మలనుకూడ నరుకుదురు. పచ్చికాయ గింజ మొలవదు. నరికిన కొమ్మ మరుసటేట కాయదు. చెట్టు చెడినది పేదవాని అత్యాశవలన కాదు, రేపు తనకు దొరకునను నమ్మకము లేకపోవుటవలన.

ఆ నమ్మకమును తిరిగి నిలుపుటకు కొన్ని ప్రయత్నములు జరిగినవి. 1956లో విశాఖపట్టణము కేంద్రముగ గిరిజన సహకార సంస్థ ఏర్పడి, షావుకారులకు బదులు తానే అడవిసరకును కొనుట ప్రారంభించెను. 1996లో వచ్చిన పంచాయతీల విస్తరణ చట్టము షెడ్యూలు ప్రాంతములలో చిన్నతరహా ఫలసాయముపై గ్రామసభకు అధికారమిచ్చెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము దుంపలు, మూలికలు, తేనె, తునికాకు మున్నగువానిపై సేకరించువారికే స్వామ్యహక్కు కలదని స్పష్టముగ పేర్కొనెను. 1882లో రాయితీగ మారినది నూటయిరువదినాలుగేండ్లకు చట్టములో మరల హక్కైనది. చట్టములో వచ్చినది చెట్టుక్రిందికి ఎంతవరకు వచ్చినదను ప్రశ్న వేరు. పత్రము చేతికందినచోట ఒక రీతి, అందనిచోట మరియొక రీతిగ నున్నది.

ఈలోగా ప్రపంచముకూడ ఈ త్రోవకే వచ్చుచున్నది. 1929లో అమెరికాదేశపు భూగోళశాస్త్రజ్ఞుడు రస్సెల్ స్మిత్తు, కొండవాలులను దున్నుటవలన మట్టి కొట్టుకొనిపోవుచున్నదనియు, అట్టి నేలలలో తిండిచెట్లు పెంచుటయే శాశ్వతవ్యవసాయమనియు గ్రంథము వ్రాసెను. 1978లో ఆస్ట్రేలియాలో మాలిసను, హోమ్‌గ్రెను అనువారు ఆ భావమును పెంచి పెర్మాకల్చరని పేరు పెట్టిరి. పెద్దచెట్టు, దాని నీడను చిన్నచెట్టు, దాని క్రింద పొద, పొదపై తీగ, నేలలో దుంప, ఇట్లు అంతస్తులుగ పెంచిన తోట ఏటేట దున్నకయే తిండి పెట్టునని వారి సిద్ధాంతము. 2017లో ఆ శాస్త్రజ్ఞుల అంతర్జాతీయసభ హైదరాబాదులోనే జరిగినది. కోనసీమ కొబ్బరితోటలో అరటి, దాని క్రింద కంద, పసుపు పెంచు రైతునకును, ఇప్పను నిలిపి జొన్న చల్లు కోయకును ఈ అంతస్తుల లెక్క క్రొత్తది కాదు. పేరు క్రొత్తది. అయినను పరాయివారు మెచ్చిన పిమ్మటనైనను మన పెద్దల పని మనకు కనబడినచో మంచిదే.

ఇక నాటదలచినవారికి కొన్ని మాటలు. ఇప్పగింజయు, నేరేడుగింజయు నిలువకు ఆగవు. పండు రాలిన కొలది దినములలోనే విత్తవలెను. ఏడాది దాచినచో ఒకటియు మొలవదు. గింజనుండి పెరిగిన ఇప్ప పూయుటకు పదియేండ్లైనను పట్టును. తాడి కాపునకు వచ్చుటకు పదునైదేండ్లకు పైబడును. ఇప్ప, నేరేడు వంటి పెద్దచెట్లనడుమ ఇరువదియైదు ముప్పది అడుగుల ఎడముండవలెను. కంచెకు వాక్కాయ మేలైనది. ముండ్లుండుటచే పశువు దూరదు, కాయ పచ్చడికి వచ్చును. పెరడు చిన్నదైనచో దొండ, బచ్చలి, ఆకాకర చాలును. ఆకాకరలో మగతీగ, ఆడతీగ వేరు. పది ఆడతీగలకు ఒక మగతీగయైనను లేనిచో పూయునేగాని కాయదు. వేసవిలో తీగ ఎండినను దుంప నేలలో బ్రదికియుండి తొలకరికి మరల చిగుర్చును. అడవిదుంపను త్రవ్వినప్పుడు తీగ మొదలున తలభాగమును మరల పాతినచో మరుసటేటికి దుంప ఊరును. తెలిసిన పెద్దలు చూపనిదే ఎట్టి అడవిదుంపను తినరాదు.

ఈ సూచనలన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి కలదు. మిరప నాటినవాడు ఆరునెలలు కాచుకొనును. ఇప్ప నాటినవాడు పదియేండ్లు కాచుకొనవలెను. పదియేండ్ల పిమ్మట ఆ పువ్వు ఎవరు ఏరుకొందురో తెలియనిదే ఎవడును నీరు పోయడు, కంచె కట్టడు, మేకను తోలడు. మన పూర్వులు దానశాసనములలో తరువును ప్రత్యేకముగ వ్రాసినది ఇందులకే. కొండవారు ఇప్పచెట్టును కుటుంబమునకు కట్టియుంచినది ఇందులకే. రంపలో చిగురుపన్ను వేసినవారికి ఈ సంగతి తెలియలేదు, లేక తెలిసియు లెక్కచేయలేదు.

కావున ఏ గ్రామమువారైనను చెరువుకట్టపైనో, బంజరులోనో, బడి ఆవరణలోనో తిండిచెట్లు నాటదలచినచో, గుంట త్రవ్వుటకు ముందే పంచాయతీ పుస్తకములో ఒక పుట తీసి, ఏ వరుస చెట్టుకు ఎవరు నీరు పోయవలెను, కాపు వచ్చిన తరువాత ఎవరు ఏరుకొనవలెను, బీదసాదలకు రాలినదానిలో భాగమేమి, ఇవి వ్రాసి సంతకములు చేసికొనవలెనని మా సలహా. మొక్క వెల స్వల్పము. ప్రభుత్వ నర్సరీలలో ఉచితముగనైనను దొరకవచ్చును. ఆ పుటలోని నాలుగు పంక్తులు లేకయే లక్షలకొలది మొక్కలు ప్రతి వర్షఋతువునందును నాటబడి, ప్రతి వేసవియందును ఎండిపోవుచున్నవి.